పదో తరగతికీ ఒక వంశావళి ఉంది

ఉట్నూరు, జైనూరు, నార్నూరు, కెరమెరి, ఇంద్రవెల్లి – మా ఏజెన్సీలో ఏ ఆశ్రమ ఉన్నత పాఠశాలకు వెళ్లినా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకే హడావుడి. పొద్దున స్టడీ అవర్, పగలు స్లిప్ టెస్టులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్. నడుమ ఒక పూట తొమ్మిదో తరగతి పిల్లలు పదో తరగతి వాళ్లకు వీడ్కోలు సభ పెడతారు. రంగు కాగితాలు కడతారు, దింసా ఆడతారు. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే లేచి మాట్లాడతారు. ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చి అమ్మ కోసం ఏడ్చిన మొదటి రాత్రిని, జ్వరం వస్తే పక్కన కూర్చున్న స్నేహితుడిని, తిట్టిన సారును, అన్నం ఇంకొంచెం వడ్డించిన వంటమ్మను తలచుకుంటారు. ఆ మాటలన్నీ నిజమైనవే, విలువైనవే.

అయితే ఆ జ్ఞాపకాలు ఐదారేళ్ల దగ్గర ఆగిపోతాయి. తాము కూర్చున్న బెంచీ మీద తమకంటే ముందు ఎవరు కూర్చున్నారు, ఆ బెంచీ మన గూడేల నడుమకు ఎలా వచ్చింది, దాని కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారు అన్న సంగతి ఎవరూ చెప్పరు. చెప్పడానికి అది పాఠ్యపుస్తకంలో లేదు. అందుకే ఈ వ్యాసం. పదో తరగతి పూర్తి చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్లకు చదువు చెప్తున్న ఉపాధ్యాయ మిత్రులు కలిసి చదువుకోవాలని రాస్తున్నాం.

వెనక్కి చూడటం మనకు కొత్త కాదు. గోండుల ఇళ్లలో పెర్సపేన్ పూజ జరిగినా, పెద్ద కార్యం ఏది జరిగినా ప్రధాన్‌లు కికిరి వాయిస్తూ మన పుట్టుక కథ చెప్తారు. నాలుగు వేల్పుల వాళ్లెవరు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల వాళ్లెవరు, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారు అని వరుసగా పాడతారు. ముందు వెనకటి సంగతి వినాలి, తరువాతే ముందుకు అడుగు వేయాలి. అది మన పద్ధతి. సగకు, ఇంటిపేరుకు వంశావళి ఉన్నట్టే పదో తరగతికీ ఒక వంశావళి ఉంది. దాన్ని మేము తెలుసుకున్నంత వరకు ఇక్కడ చెప్తాం.

భూమి నుంచి మొదలైన బడి

మన ప్రాంతంలో బడి కథ బడిలో మొదలు కాలేదు. భూమి దగ్గర మొదలైంది.

నిజాం కాలంలో అడవికి హద్దురాళ్లు పాతారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేలు ఒక్కసారిగా సర్కారు అడవి అయ్యాయి. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. మరోపక్క బయటి నుంచి వచ్చిన షావుకార్లు, పట్టేదార్లు కాగితాలు చేయించుకుని భూమిని తమ పేరున రాయించుకున్నారు. గోండు, కోలాం రైతులకు భూమి ఉండేది, దున్నే చేతులు ఉండేవి. లేనిది ఒక్క కాగితమే. కాగితం ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లది అన్న కొత్త న్యాయం వచ్చింది. ఆ కాగితాన్ని చదవలేనివాడు తన చేనులోనే పరాయివాడయ్యాడు.

బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల కోసం కుమ్రం భీం నిలబడింది ఈ అన్యాయం మీదనే. ఆయనకు చదవడం, రాయడం వచ్చని మన పెద్దలు చెప్తారు. మొదట ఆయన అర్జీలు పట్టుకుని తిరిగాడనీ, అర్జీ పని చేయనప్పుడే ఆయుధం పట్టాడనీ వాళ్లే చెప్తారు. 1940లో జోడేఘాట్‌లో ఆయనా, ఆయన సహచరులూ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు వదిలారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి మనం అక్కడికి వెళ్లి మొక్కుతాం. ఆ మొక్కులో మన బడి పుట్టుక కూడా ఉందని పిల్లలకు చెప్పాలి.

ఎందుకంటే ఆ కాల్పుల తరువాతే నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు ఏమిటో తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. ఆస్ట్రియా దేశస్థుడైన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాడు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని మనవాళ్ల నడుమ బతికారు. ఆయన ప్రభుత్వానికి చెప్పిన మాటల్లో రెండు ముఖ్యమైనవి. సాగు చేస్తున్న భూములకు పట్టాలు ఇవ్వాలి. గోండు పిల్లలకు వాళ్ల భాషలో, వాళ్ల మనిషి చేత చదువు చెప్పించాలి. ఈ రెండూ ఒకే పనికి రెండు చేతులు. పట్టా ఇస్తే సరిపోదు, ఆ పట్టాను చదివే మనిషి కూడా ఇంట్లో ఉండాలి.

మార్లవాయి: మొదటి పంతుళ్లు

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఇప్పుడు అది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉన్న ఊరు. మేము టీటీసీ, డీఎడ్ అని చెప్పుకుంటున్న చదువుకు మన గడ్డ మీద అదే మొదటి గడప. అప్పటికి జిల్లా మొత్తంలో నాలుగు అక్షరాలు వచ్చిన గోండులు చాలా కొద్దిమంది. వాళ్లకు వచ్చింది కూడా మరాఠీయే. ఆ కొద్దిమందినే పోగుచేసి, శిక్షణ ఇచ్చి, వేరే గూడేలకు పంతుళ్లుగా పంపారు.

వాచకాలు గోండి భాషలో తయారయ్యాయి. లిపి మాత్రం దేవనాగరి. పిల్లవాడు మొదట తన ఇంటి మాటను అక్షరాల్లో చూసేవాడు. ఆ తరువాత మరాఠీ, ఉర్దూ వైపు వెళ్లేవాడు. ఎందుకంటే సంతలో, సరిహద్దు ఊళ్లలో మరాఠీ నడిచేది. కచేరీలో ఉర్దూ నడిచేది. ఇంటి మాట నుంచి కచేరీ మాట దాకా మెట్లు కట్టిన పద్ధతి అది. ఇప్పుడు పెద్ద పెద్ద నివేదికలు చెప్తున్న మాతృభాషా బోధన మన మార్లవాయిలో ఎనభై ఏళ్ల కిందటే నడిచింది.

సేతుమాధవరావు పగడి అనే అధికారి కూడా ఆ రోజుల్లో గోండి నేర్చుకుని, గోండి వ్యాకరణం రాశాడు. ప్రజల భాష నేర్చుకున్న అధికారి ముందు ప్రజలు నోరు తెరిచి మాట్లాడతారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది కూడా ఆ 1940లలోనే. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు పూజ చేశాక జరిగే ఆ దర్బారులో గూడేల వాళ్లు భూమి గురించి, బావి గురించి, బడి గురించి అధికారులను అడిగేవారు. ఇప్పటికీ అడుగుతున్నారు.

ఇక్కడ మేము గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. ఆ చదువు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. హైమన్‌డార్ఫ్ దంపతుల మేలును మనం మరువలేదు, మార్లవాయి వాళ్లు ఏటా వాళ్లను తలచుకుంటూనే ఉన్నారు. అయినా జోడేఘాట్ లేకపోతే మార్లవాయి లేదు. ముందు మనవాళ్ల నెత్తురు, తరువాత బడి. వరుస అది.

మారిన మాధ్యమాలు, మారని ఇంటి మాట

1948లో నిజాం పాలన పోయింది. 1956లో భాషా ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం వచ్చింది. గోండి మాట్లాడేవాళ్లు మాత్రం ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ అని ముక్కలుగా పంచబడ్డారు. మార్లవాయి వాచకాలు పక్కకు పోయాయి. బడి భాష తెలుగు అయింది. సరిహద్దు ఊళ్లలో కొన్ని బడులు మరాఠీలో నడిచాయి. విచిత్రం ఏమిటంటే, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది కూడా ఆ 1956లోనే.

మేము బడికి వెళ్లిన రోజుల్లో ఒకటో తరగతిలో 'అ' అంటే అమ్మ అని చెప్పేవారు. మా ఇంట్లో అమ్మను అవ్వల్ అంటాం. 'అ' రెండింటికీ కలిసింది కాబట్టి అక్కడ బతికిపోయాం. మిగతా అక్షరాల దగ్గర బొమ్మ చూసి గోండి మాట చెప్తే తప్పు అనేవారు. తప్పు అన్న మాట పదిసార్లు విన్న పిల్లవాడు పదకొండోసారి నోరు విప్పడు. అలా నోరు మూసుకున్నవాళ్లను మొద్దులని రాసుకున్నారు. రెండు భాషల నడుమ చిక్కుకున్న పిల్లవాడికీ, తెలివి తక్కువ పిల్లవాడికీ ఉన్న తేడా ఆ లెక్కలో లేదు.

2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బహుభాషా విద్యా కార్యక్రమం తెచ్చింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా – ఈ 8 భాషల్లో వాచకాలు వచ్చాయి. మొదట 240 బడుల్లో మొదలుపెట్టారు. మా తరం ఉపాధ్యాయుల్లో కొందరు ఆ పుస్తకాల తయారీలో పని చేశారు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాటలు, పొడుపు కథలు, విత్తనాల పేర్లు రాసుకొచ్చారు. ఆ పుస్తకం తెరిచినప్పుడు ఒకటో తరగతి పిల్లల ముఖాలు చూసినవాళ్లకు ఇంక వేరే రుజువు అక్కర్లేదు. చాలా చోట్ల ఆ కార్యక్రమం కొన్నేళ్లకే సన్నగిల్లింది. ఇప్పుడు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది.

లెక్క చూడండి. తాతకు ఉర్దూ, మరాఠీ. తండ్రికి తెలుగు. మనవడికి ఇంగ్లిష్. పాలన మారినప్పుడల్లా బడి మాట మారింది. ఇంటి మాట మాత్రం గోండియే. ఇంగ్లిష్ వద్దని మేము అనడం లేదు. పిల్లలకు అది కావాలి. అడిగేది ఒక్కటే: ఇంటి మాట నుంచి ఆ ఇంగ్లిష్ దాకా మార్లవాయిలో కట్టినట్టు మెట్లు కట్టండి.

గోండికి లిపి లేదని ఇంకా ఎవరైనా అంటే మన పిల్లలు జవాబు చెప్పగలగాలి. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపిని చదవగలిగిన పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో రాసుకోవడానికి దారి తెరుచుకుంది.

అంకెలు చెప్పే కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 1961 జనాభా లెక్కల్లో 4.41 శాతం. అంటే వందమందిలో ఐదుగురు కూడా లేరు. 1991 నాటికి 17.16 శాతం. 2001లో 37.04. 2011లో 49.2 శాతం.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవాలి. మొదటిది, 1961 నుంచి 1991 దాకా ముప్పై ఏళ్లలో పెరిగింది పదమూడు శాతం కూడా కాదు. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో ముప్పై రెండు శాతం పెరిగింది. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక, ఐటీడీఏలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. గూడెంలోని బడికి గూడెం భాష తెలిసిన టీచరు వచ్చాడు. ఫలితం కనిపించడానికి ఒక తరం పట్టింది.

రెండోది, 2011లో కూడా సగంమంది అక్షరాలకు బయటే ఉన్నారు. అందులో ఆడవాళ్ల అక్షరాస్యత సుమారు 40 శాతమే, మగవాళ్లది సుమారు 58. ఈ ఏడాది పదో తరగతి పరీక్ష రాస్తున్న చెల్లెళ్లలో చాలామంది తమ ఇంట్లో ఇంతవరకు ఏ ఆడమనిషీ ఎక్కని మెట్టు ఎక్కుతున్నారు. వీడ్కోలు సభలో ఆ సంగతి మైకులో చెప్పాలి. చప్పట్లు దానికి కొట్టాలి.

టీచరు ఎవరు అన్న ప్రశ్న

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల కోసం సభ పెట్టుకున్న మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. ఊళ్లు చెప్పే లెక్క అంతకంటే చాలా ఎక్కువ. 1959లో, 1970లో భూ బదలాయింపు నిబంధనలు వచ్చినా భూమి చేతులు మారుతూనే ఉందన్నదే ఆ సభ గోడు. కాగితం మీద చట్టం మనవైపు ఉంది. కాగితం చదివి నిలదీసే మనిషి చాలినంతగా లేడు. జోడేఘాట్ నాటి ప్రశ్నే నలభై ఏళ్ల తరువాత ఇంద్రవెల్లిలో లేచింది.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి ఉపాధ్యాయ ఉద్యోగాలు. ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీలనే టీచర్లుగా నియమించాలని 1986లో జీవో 275 వచ్చింది. అది కోర్టు కేసుల్లో నలిగింది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక షెడ్యూల్డు తెగల వాళ్లకే అని చెప్పింది.

మా తరంలో చాలామంది బడి పంతుళ్లు అయింది ఈ జీవో వల్లనే. బయటి టీచరు సోమవారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం సాయంత్రం బస్సు ఎక్కే రోజులు మేము చూశాం. అందరూ అలాంటివాళ్లు కారు. వాన కాలంలో వాగులు దాటి వచ్చి మాకు చదువు చెప్పిన మంచి సార్లు ఉన్నారు, వాళ్లకు మొక్కుతాం. అయినా గూడెంలోనే ఉండే టీచరు వేరు. పిల్లవాడు రెండు రోజులు బడికి రాకపోతే ఎందుకు రాలేదో ఆ టీచరుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పపువ్వు కాలమా, దండారి ఆడుతున్నారా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా అన్నది ఆయనకు తెలుస్తుంది. వెళ్లి గోండిలో మాట్లాడి తీసుకొస్తాడు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ను కొట్టివేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చింది. మా ఉద్యోగాలు మిగిలాయి. ఇప్పుడు పదో తరగతి రాస్తూ, నేనూ టీచరునవుతాను అని చెప్తున్న పిల్లల దారి ఇరుకైంది. వీడ్కోలు సభలో 'ఏమవుతావు' అని అడిగితే సగంమంది 'టీచర్' అంటారు. ఎందుకంటే వాళ్లు చూసిన చదువుకున్న ఆదివాసీ మనిషి టీచరే. ఆ జవాబు వెనుక ఉన్న చరిత్ర, ఆ జవాబు ముందున్న అడ్డు, రెండూ పిల్లలకు తెలియాలి. తెలిస్తేనే కొత్త చట్టం కోసం అడగగలరు.

రిజిస్టరు తెరిచి చూడండి

చరిత్ర అంటే ఎక్కడో ఉండే పెద్ద పుస్తకం అనుకోవద్దు. ప్రతి బడిలో హెడ్మాస్టరు గది బీరువాలో ఒక చరిత్ర ఉంది. దాని పేరు అడ్మిషన్ రిజిస్టరు.

అందులో ఇంటిపేరు గడి చూడండి. ఒకే వంశం వాళ్లను కుమ్ర, కుమ్రం, కొమరం, కొమురం అని నాలుగు రకాలుగా రాశారు. రాసినవాళ్లకు చెవిన పడ్డట్టు రాసుకున్నారు. భీం పేరుకే ఆ గతి పట్టింది కదా. పుట్టిన తేదీ గడి చూడండి. ఊరంతా జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది. బడి తెరిచే నెలను బట్టి లెక్క కలిసేలా వేసిన తేదీలవి. మాతృభాష గడి చూడండి. గోండి అని ఉండాల్సిన చోట తెలుగు అని ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. చివరి గడి, బడి విడిచిన కారణం. 'దీర్ఘకాల గైర్హాజరు' అన్న రెండు మాటల కింద ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని అప్పులు, ఎన్ని జ్వరాలు, ఎన్ని పత్తి చేలు ఉన్నాయో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

ఇది వట్టి చరిత్ర పాఠం కాదు, బతుకు అక్కర కూడా. మెమోలో ఒక ఇంటిపేరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంకొకటి ఉంటే రేపు సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర, భూమి కాగితం దగ్గర అడ్డుపడుతుంది. నామినల్ రోల్స్ పంపకముందే ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఇంటి పెద్దలను అడిగి సరిచూడాలి. కాగితం చదవలేక భూములు పోయిన జాతి మనది. కాగితంలో మన పేరు మనం చెప్పినట్టు ఉండాలి.

టీచర్లకు మా సూచన ఇది. ఏటా పదో తరగతి పిల్లల చేత ఒక నోటుపుస్తకం రాయించండి. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ చాలు. మా గూడెంలో బడి ఎప్పుడు వచ్చింది? మా ఇంట్లో మొదట పదో తరగతి చదివింది ఎవరు? మా తాత సంతకం పెట్టేవాడా, వేలిముద్ర వేసేవాడా? మా పొలానికి ఏ కాగితం ఉంది? నాతో ఒకటో తరగతిలో కూర్చుని ఇప్పుడు బడిలో లేనివాళ్లు ఎవరు, ఎక్కడున్నారు? గోండి, కొలామి ఏది ఇంటి మాటైతే ఆ మాటలో రాయనివ్వండి. ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయంలో పెట్టండి. పదేళ్లు గడిస్తే పది పుస్తకాలవుతాయి. అప్పుడు మన బడి చరిత్ర రాయడానికి ఎవరూ బయటి నుంచి రానక్కర్లేదు.

మెమో చేతికి వచ్చాక

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పదో తరగతి మెమో ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే కాగితం మాత్రమే కాదు. మీ ఊళ్లో అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న పోడు దరఖాస్తు ఏ దశలో ఉందో చదివి చెప్పగలిగే మనిషి ఇప్పుడు మీరే. గ్రామసభ తీర్మానంలో నిజంగా ఏం రాశారో చదివి, తరువాతే వేలుముద్ర వేయమని అవ్వకు చెప్పగలిగేది మీరే. మందు సీసా మీది తేదీ, బ్యాంకు పాసుబుక్కులోని అప్పు, షావుకారు చీటీలోని వడ్డీ మీరు చదవాలి. మార్లవాయిలో మొదటి వాచకం తయారు చేసినవాళ్లు కోరుకున్నది ఈ మనిషినే.

ఇంటర్‌కు వెళ్లండి, పాలిటెక్నిక్‌కు వెళ్లండి, ఐటీఐకి వెళ్లండి, నర్సింగుకు వెళ్లండి. పెళ్లి తొందర పెడితే చెల్లెళ్లు మాకు చెప్పండి, మేము వచ్చి మాట్లాడతాం. ఫీజు దగ్గర ఆగిపోతే ఐటీడీఏ తలుపు తట్టండి, తోడు వస్తాం. ఎక్కడికి వెళ్లినా, ఎవరైనా మీ భాష ఏది అని అడిగితే గోండి అని, కొలామి అని చెప్పండి. ఆ గడిలో ఇంకొకరు రాసేదాకా ఊరుకోవద్దు.

1943లో మార్లవాయి నుంచి పలక, బలపం పట్టుకుని పక్క గూడేనికి నడిచిన ఆ మొదటి పంతుళ్లలో చాలామంది పేర్లు కూడా మన పిల్లలకు తెలియవు. వాళ్లు నడిచిన బాట మీదే మనం ఇంత దూరం వచ్చాం. మీ తరువాత నడిచేవాళ్లకు మీ పేర్లు తెలియాలి. అందుకే రాయండి.

రామ్ రామ్.